ఉబిన్ దీవిలో సైకిల్ మీద ఒక రోజు



సింగపూర్‌కు తూర్పు కొసన చాంగీ అనే చోటుంది. పెద్ద విమానాశ్రయం వల్ల ఆ పేరు మనలో చాలామందికి తెలిసిందే. ఆ విమానాశ్రయానికి కాస్త ఎడంగా, సముద్రపు ఒడ్డున చిన్న పడవల రేవు ఒకటుంది. అక్కడ వేళల పట్టిక ఉండదు. ముందుగా టికెట్టు కొనుక్కునే పద్ధతీ లేదు. పన్నెండు మంది పోగవ్వాలి, అంతే. పన్నెండో మనిషి రాగానే పడవాయన లేస్తాడు. మరీ తొందరున్నవాళ్ళు ఖాళీ సీట్ల డబ్బు కూడా తామే ఇచ్చుకుని బయల్దేరవచ్చు. నిమిషాల లెక్కన రైళ్ళు నడిచే దేశంలో ఈ ఒక్క ప్రయాణం మాత్రం తోటివాళ్ళు వచ్చేదాకా ఆగుతుంది. నాకు ఆ ఆగడమే మొదట నచ్చింది. బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. కొత్తగా ఎవరైనా మెట్లు దిగి వస్తే అందరి ముఖాలూ విప్పారుతాయి.

ఆ పడవను అక్కడివాళ్ళు బమ్‌బోట్ అంటారు. చెక్క పడవ, పైన కప్పు, పక్కలకు కట్టిన పాత టైర్లు, డీజిల్ ఇంజను. సొంత సైకిల్ తెచ్చుకున్నవాళ్ళు కొంచెం అదనంగా ఇచ్చి దాన్నీ ఎక్కించుకోవచ్చు. పావుగంట లోపే అవతలి గట్టు వస్తుంది. అదే ఉబిన్ దీవి. విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దానికి ఉత్తరాన సన్నని జలసంధి, జలసంధి అవతల మలేషియాలోని జొహోర్ రాష్ట్రం. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ దూరం కూడా లేదు కాబట్టి ఏడాది పొడవునా అదే ఉక్క, ఎప్పుడు కురుస్తుందో తెలియని వాన. నగరం కరెంటు తీగలు ఈ దీవికి రాలేదు, మంచినీటి గొట్టాలూ రాలేదు. ఇళ్ళల్లో బావి నీళ్ళు, డీజిల్ జనరేటర్లు. రేవు దగ్గరి దుకాణాల కోసం మాత్రం 2013లో సౌర ఫలకాలు కూడా కలిపి ఒక చిన్న విద్యుత్ వ్యవస్థ పెట్టారు.

ఈ దీవిని ఒక పగలంతా సైకిల్ మీద తిరిగిన సంగతి ఈవేళ మీకు చెప్పాలని వచ్చాను.

నా వెంట మా మేనల్లుడు ఉన్నాడు. వాడి ఉద్యోగం సింగపూర్‌లోనే. అక్కడ తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. సింగపూర్ తెలుగు సమాజం 1975లోనే ఏర్పడింది. అయినా ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తే మనవాళ్ళు తీసుకెళ్ళేది మెరీనా బేకి, సెంటోసాకి, జూకి. ఉబిన్ ఆ జాబితాలో ఉండదు. "మావయ్యా, అక్కడ లైట్లూ షోలూ ఏమీ ఉండవు, ఎండలో తొక్కడమే" అని వాడు ముందే చెప్పాడు. "అదే కావాలిరా నాకు" అన్నాను.

రేవు దాటగానే ఒకే ఒక్క వీధి. ఒక చైనా గుడి, దానికి ఎదురుగా పండగలకు నాటకాలాడే చెక్క వేదిక, చేపల కూర వండే రెండు మూడు హోటళ్ళు, మిగిలినవన్నీ దాదాపుగా సైకిల్ షాపులే. వందల సైకిళ్ళు వరసలుగా నిలబెట్టి ఉంటాయి. గంటకింత అని ఇచ్చి అద్దె సైకిల్ తీసుకుని ఊరంతా తిరిగిన తరం మాది. ఇక్కడ రోజు మొత్తానికి ఒకే అద్దె. షాపు నడిపే పెద్దావిడ నా పొడుగు ఒకసారి చూసి, ఎవరినీ అడక్కుండా సీటు ఎత్తు సరిచేసి, బ్రేకులు రెండూ నొక్కి చూపించి, చేతికిచ్చింది. మావాడు ఆవిడను ఆంటీ అన్నాడు. అక్కడ పెద్దవాళ్ళను ఏ జాతివాళ్ళయినా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు పడమటి వైపు, మధ్యాహ్నం తర్వాత తూర్పు వైపు అనుకున్నాం. వీధి దాటి రెండు మలుపులు తిరిగేసరికి చెట్లు మీద పడతాయి. సన్నని తారు రోడ్డు, రెండు పక్కలా అడవి, ఎక్కడో అడవికోడి కూత. అప్పుడప్పుడు ఒక పాత వ్యాను తప్ప వాహనం లేదు. ఇక్కడికి వచ్చిన ఎవరైనా మొదట అనుకునేది ఒకటే: మనిషి చెయ్యి పడని చోటు ఎంత బాగుందో అని. ఉబిన్ గురించి రాసే పర్యాటక పుస్తకాల్లోనూ ఈ మాటే కనిపిస్తుంది. నేను మాత్రం దీన్ని ఒప్పుకోను. ఈ దీవిలో మనిషి చెయ్యి పడని చోటు వెతికితే దొరకడం కష్టం. దీన్ని తవ్వారు, పేల్చారు, నరికారు, తోటలు వేశారు, చెరువులు కట్టి రొయ్యలు పెంచారు. ఆ తర్వాత వదిలిపెట్టారు. ఈ అడవి ఆ వదిలిపెట్టిన తర్వాత లేచిన అడవి. ఆ సంగతి తెలిసి తొక్కితే ప్రతి మలుపులో ఏదో ఒకటి కనిపిస్తుంది.

మొదట కనిపించేది రాయి. ఉబిన్ అంతా గ్రానైటే. 19వ శతాబ్దం నుంచే ఇక్కడ రాయి కొట్టడం మొదలైంది. దక్షిణ చైనా సముద్రం నుంచి సింగపూర్ జలసంధిలోకి ఓడలు వచ్చే దారిలో పెడ్రా బ్రాంకా అనే చిన్న రాతి దిబ్బ ఉంది. దాని మీద హార్స్‌బర్గ్ లైట్‌హౌస్‌ను 1850, 51 సంవత్సరాల్లో జాన్ టర్న్‌బుల్ థామ్సన్ అనే ఇంజనీరు కట్టించాడు. దానికి రాయి వెళ్ళింది ఉబిన్ నుంచే. చైనా రాతి పనివాళ్ళు ఇక్కడే చెక్కి పడవల్లో ఎక్కించారు. ఆ దిబ్బ ఎవరిదని సింగపూర్, మలేషియాలు ఏళ్ళ తరబడి వాదించుకుంటే, 2008లో అంతర్జాతీయ న్యాయస్థానం అది సింగపూర్‌దేనని తీర్పు చెప్పింది. ఆ వాదనలో లైట్‌హౌస్ పాత్ర చిన్నది కాదు. 1920లలో సింగపూర్‌ను జొహోర్‌తో కలుపుతూ సముద్రంలో కట్ట వేశారు. రైళ్ళు, బళ్ళు నడిచిన ఆ కట్టకూ ఉబిన్ రాయి వెళ్ళింది. స్వతంత్రం వచ్చాక సింగపూర్ జనానికి కట్టిన ప్రభుత్వ ఫ్లాట్ల కాంక్రీటులోనూ ఈ కంకరే ఉంది. అంటే దూరంగా కనిపించే ఆ ఆకాశహర్మ్యాల నగరం కొంత ఈ దీవిని తవ్వుకునే లేచింది. చివరి క్వారీ 1999లో మూతపడింది.

ఊరికి దగ్గర్లోనే పెకాన్ క్వారీ ఉంది. రోడ్డు మీద సైకిల్ స్టాండు వేసి నాలుగడుగులు నడిస్తే ఎదురుగా నిలువుగా కోసిన రాతి గోడలు, మధ్యలో ఆకుపచ్చని నీళ్ళు. చాలా లోతు. పంపులు ఆపేశాక వాన నీళ్ళు చేరి చెరువైంది. గట్ల మీది చెట్ల నిండా నారాయణ పక్షులు. బూడిదరంగు వీపు, పొడుగాటి మెడ, ఒక్కొక్కటీ గూడులోంచి తల ఎత్తి చూస్తూ. అవి కూర్చోవడానికి నీళ్ళ మీద తేలే తెప్పలు కూడా కట్టిపెట్టారు. చీమకుర్తి, కరీంనగర్ వైపు వెళ్ళినవాళ్ళకు ఇలాంటి గోడలు, ఇలాంటి నీళ్ళు కొత్త కాదు. మన దగ్గర క్వారీ అయిపోయాక ఆ గుంతను ఎవరూ తలుచుకోరు. పిల్లలు ఈతకు దిగి ప్రాణాలు పోయినప్పుడే అది పేపర్లోకి ఎక్కుతుంది. ఇక్కడ చుట్టూ కంచె వేశారు, చూసే చోటు కట్టారు, గట్టును పక్షులకు వదిలారు. ఖర్చు పెద్దదేమీ కాదు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకున్నారు, అంతే తేడా. ఆ గట్టు మీద నిలబడి నేను చాలాసేపు చీమకుర్తి గురించే ఆలోచించాను.

ఇంకొంచెం లోపలికి పువాకా గుట్ట. ఎత్తు 75 మీటర్లకు మించదు గాని దీవిలో అదే అన్నిటికన్నా ఎత్తు. సైకిళ్ళు కిందే పెట్టి ఎక్కాలి. పైనుంచి చూస్తే కింద మరో క్వారీ చెరువు, దాని చుట్టూ చెట్ల తలలు. ఈ దీవి యుద్ధాన్నీ చూసింది. సింగపూర్ మీద జపాన్ దాడికి ముందు, 1942 ఫిబ్రవరి 7న, జపాన్ సైన్యం మొదట దిగింది ఈ దీవిలోనే. బ్రిటిష్ వాళ్ళ చూపును తూర్పు వైపు తిప్పడానికి వేసిన ఎత్తు అది. అసలు దాడి మర్నాటి రాత్రి వాయవ్యం నుంచి జరిగింది.

మళ్ళీ రోడ్డెక్కాక మావాడు ముందు, నేను వెనక. చిన్న దిబ్బలు ఎక్కడం, దిగడం. "మావయ్యా, ఇక్కడ గట్టిగా బ్రేకెయ్యకు, గులకరాళ్ళున్నాయి" అని వాడు వెనక్కి తిరిగి అరుస్తున్నాడు. తారు పోయి ఎర్రమట్టి దారి వచ్చింది. దారి పక్కన చూస్తే పిచ్చి అడవిలో వరసగా నిలబడ్డ చెట్లు. అడవిలో చెట్లు వరసలో పెరగవు గదా. దిగి చూస్తే బెరడు మీద ఏటవాలు గాట్లు మానిన మచ్చలు. రబ్బరు చెట్లు. ఇంకొంచెం ముందుకు వెళితే కొబ్బరి, ఆ తర్వాత పనస, రంబుటాన్, దురియన్. మనుషులు పోయినా తోటలు ఉండిపోయాయి. దురియన్ కాలంలో జనం సంచులు పట్టుకుని వచ్చి రాలిన కాయలు ఏరుకుంటారట. 

ఆ రబ్బరు చెట్టు మీద చెయ్యి వేసినప్పుడు నాకు జలసంధి అవతలి మలయా గుర్తొచ్చింది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి ఓడలెక్కి మలయా రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ మునిమనవలు ఇవాళ మలేషియా పౌరులు. ఇళ్ళల్లో తెలుగు నిలబెట్టుకోవడానికి ఇప్పటికీ ఎంతో కష్టపడుతున్నారు. తెల్లవారకముందే లేచి, దీపం వెలుగులో, చెట్టు చెట్టుకూ తిరిగి గాట్లు పెట్టి, చిప్పల్లో పాలు పట్టిన చేతులు వాళ్ళవి. పాఠాల్లో మనం ఆ కథ చదువుకోలేదు. చదువుకోవలసింది.

1950, 60 దశకాల్లో ఈ దీవిలో రెండు వేల మంది దాకా ఉండేవాళ్ళు. చైనా వాళ్ళు, మలయ్ వాళ్ళు. క్వారీ పనివాళ్ళు, జాలర్లు, కోళ్ళు, పందులు పెంచేవాళ్ళు, తోటల వాళ్ళు. 1952లో పెట్టిన బిన్ కియాంగ్ అనే బడి ఉండేది. పనులు తగ్గి కుటుంబాలు నగరంలోని ఫ్లాట్లకు వెళ్ళిపోతుంటే పిల్లలు తగ్గిపోయారు. 1985లో బడి మూసేశారు. 2000లో ఆ కట్టడమూ తీసేశారు. ఇప్పుడు దీవి మీద ఉంటున్నది కొన్ని పదుల మంది. దారి పక్కన అక్కడక్కడ రేకుల కప్పు, చెక్క గోడలు, ముందు పూలకుండీలు, తలుపు దగ్గర పడుకున్న కుక్క. తలుపులు తీసే ఉంటాయి. కొందరు ఇంటి ముందు బల్ల వేసి కొబ్బరి బొండాలు అమ్ముతారు. అలా ఒక ముసలాయన దగ్గర రెండు బొండాలు తాగి కాసేపు ఆయన అరుగు మీదే కూర్చున్నాం. మాటలు కలవలేదు, ఆయనకు వచ్చిన భాష మాకు రాదు. అయినా లేత కొబ్బరి తీసుకోవడానికి చెంచా తెచ్చి ఇచ్చి, మేం తినేదాకా నిలబడ్డాడు.

పడమటి వైపు, కెతామ్ క్వారీ దారిలో, ఒక గుడి ఉంది. దాని గురించి మీకు తప్పకుండా చెప్పాలి. పసుపుపచ్చ రంగు వేసిన చిన్న గుడి. లోపల దేవత ఒక జర్మన్ అమ్మాయి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఈ దీవిలో కాఫీ తోట ఉన్న ఒక జర్మన్ కుటుంబాన్ని పట్టుకోవడానికి బ్రిటిష్ సైనికులు వచ్చారట. ఇంట్లోని ఆడపిల్ల భయంతో వెనక నుంచి పరుగెత్తి కొండ చరియ మీంచి పడి చనిపోయిందట. తోటలో పనిచేసే కూలీలకు ఆ శరీరం దొరికింది. వాళ్ళు పూడ్చిపెట్టి, అగరొత్తులు వెలిగించి, దణ్ణం పెట్టుకున్నారు. చరిత్రగా దీన్ని రుజువు చెయ్యడం కష్టం, జనం చెప్పుకునే కథగానే చెబుతున్నాను. 1970లలో క్వారీ తవ్వకం అక్కడిదాకా వస్తే ఆ గుడిని కదిపి ఇక్కడ పెట్టారు. 2015లో కొత్తగా కట్టారు. లోపల ఒక బార్బీ బొమ్మ. దాని ముందు అద్దాలు, దువ్వెనలు, సెంటు సీసాలు, గోళ్ళ రంగు, పౌడరు డబ్బాలు.

బయటి దేశాల వాళ్ళకు ఇది వింతగా తోచవచ్చు. తెలుగువాడికి తోచదు. అకాలంగా పోయిన ఆడపిల్లను పేరంటాలుగా నిలబెట్టుకుని, పసుపు కుంకుమలు, గాజులు, రవికెల గుడ్డ పెట్టుకునే ఊళ్ళు మనకు ఎన్ని లేవు? పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరంటాలు దగ్గరికి ఏటా ఎంత జనం వెళతారో మీకు తెలుసు. అన్యాయంగా పోయిన ప్రాణాన్ని ఊరు తన బిడ్డగా చేసుకునే తీరు అది. ఇక్కడ ఆ పిల్ల జాతి వేరు, మతం వేరు, భాష వేరు. పైగా తోట యజమాని కూతురు. ఆమెను దేవతగా నిలబెట్టింది పొట్ట చేత పట్టుకుని వచ్చిన కూలీలు. ఒంటరిగా చచ్చిపోయిన పరాయి పిల్లకు తల దువ్వుకోవడానికి దువ్వెన కావాలని వాళ్ళకు తోచింది. నాకు కళ్ళు చెమర్చాయి. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చాను.

మధ్యాహ్నం వాన కురిసింది. ఆ వాన మన తొలకరిలా కబురు పెట్టి రాదు. ఒక్కసారి చీకటి పడి, ఉరిమి, కుండపోత. దారి పక్కన గుడిసె లాంటి పందిరి కింద ఆగాం. అరగంటలో తెరిపి ఇచ్చింది. వాన వెలిసిన తర్వాతే ఆ రోజు నేను చూడాలనుకున్న పక్షి కనిపించింది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టు ఉండే హార్న్‌బిల్. నలుపూ తెలుపూ ఒళ్ళు, పసుపుపచ్చ ముక్కు. రెక్కలు కొడుతుంటే ఆ చప్పుడు కింద రోడ్డు దాకా వినిపించింది. ఈ జాతి సింగపూర్‌లో 19వ శతాబ్దం మధ్యకే కనుమరుగైంది. అడవులు నరికి తోటలు వేశారు, గూడు పెట్టుకోవడానికి తొర్రలున్న ముసలి చెట్లు మిగల్లేదు. మళ్ళీ 1994లో ఒక జంట కనిపించింది, ఈ ఉబిన్‌లోనే. 1997లో గూడు పెట్టాయి. ఆడపక్షి తొర్రలోకి దూరి, సన్నని చీలిక మాత్రం ఉంచి, ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. గుడ్లు పొదిగి పిల్లలు కాస్త ఎదిగేదాకా బయటికి రాదు. అన్నాళ్ళూ మగపక్షి చీలికలోంచి పళ్ళు అందిస్తూ ఉండాలి. తొర్ర దొరక్కపోతే ఆ సంసారం లేదు. అందుకే 2004 నుంచి చెట్ల మీద చెక్కతో చేసిన గూళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు సింగపూర్ నగరంలో కూడా, ఫ్లాట్ల మధ్య చెట్ల మీద, ఈ పక్షులు కనిపిస్తున్నాయి. అలాగే మూషిక జింకల్లో పెద్ద జాతి సింగపూర్‌లో ఎన్నో ఏళ్ళ కిందటే అంతరించిందని లెక్క తేల్చేశారు. 2009లో చూస్తే అది ఈ దీవిలో బతికే ఉంది. మన నల్లమల మూషిక జింకకు దూరపు బంధువు.

ఇక తూర్పు కొన. చెక్ జావా. ఆ రోజుకంతటికీ నేను ఎదురు చూసింది దీని కోసమే.

సైకిళ్ళు గేటు బయటే పెట్టాలి. అక్కడ అడవిపందులు తిరుగుతుంటాయి, సైకిల్ బుట్టలో తినేదేదైనా ఉంటే లాగేసుకుంటాయి. పైన కోతులు ఆ మిగిలింది చూసుకుంటాయి. లోపలికి నడిస్తే కిలోమీటరుకు పైగా పొడుగున్న నడక వంతెన. సగం సముద్రం మీద, సగం మడ అడవిలోంచి. మేం వెళ్ళేసరికి సముద్రం బాగా ఆటు మీద ఉంది. నీళ్ళు వెనక్కి పోయి నేల బయటపడింది. ఆరు రకాల పరిసరాలు ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి: తీరపు అడవి, మడ, రాతి తీరం, ఇసుక, సముద్రపు గడ్డి మైదానం, పగడపు రాళ్ళ దిబ్బ. మడ వేళ్ళ మధ్య బురదలో గెంతే చేపలు. ఒక్క చెయ్యి మాత్రం ఒంటికి మించి పెరిగిన పీతలు, ఆ చేతిని ఎత్తి ఊపుతూ. గడ్డి మధ్య నక్షత్ర చేపలు. ఆ గడ్డి మేయడానికి డుగాంగ్ అనే సముద్రపు ఆవు వచ్చి వెళ్ళిన జాడలు కూడా ఇక్కడ కనిపించాయి. వంతెన పక్కన ఇరవై మీటర్ల ఎత్తున్న గోపురం ఎక్కితే ఇదంతా ఒకేసారి కింద పరుచుకుని ఉంటుంది.

ఈ చోటును ఒకప్పుడు ఇసుక పోసి పూడ్చెయ్యాలని నిర్ణయం జరిగిపోయింది. సింగపూర్ భూమి చాలని దేశం. సముద్రాన్ని పూడ్చి నేల పెంచుకోవడం వాళ్ళకు దశాబ్దాల అలవాటు. చాంగీ విమానాశ్రయంలో కూడా చాలా భాగం అలా వచ్చిన నేలే. ఉబిన్ తూర్పు తీరాన్నీ అలాగే పూడ్చాలని 1990లలోనే పథకం ఉంది, 2001 చివర్లో పని మొదలు కావాలి. ఈలోగా 2000 డిసెంబరులో జోసెఫ్ లై అనే వృక్షశాస్త్రవేత్త విద్యార్థులను వెంటబెట్టుకుని ఆటు వేళ ఇక్కడికి వచ్చాడు. నేల మీద కనిపించిన జీవులను చూసి, ఇంత ఉందని ఎవరికీ తెలియకుండానే పోబోతోందని అర్థమైంది. ఆ సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకింది. 2001 మధ్యకల్లా పేపర్లలో వచ్చింది. ప్రకృతి సంఘాల వాళ్ళు, మ్యూజియం వాళ్ళు, టీచర్లు, మామూలు ఉద్యోగులు సెలవు రోజుల్లో వచ్చి, తాళ్ళు కట్టి, మీటరు మీటరూ కొలిచి, ఏ జీవి ఎక్కడుందో రాసుకున్నారు. ఆ లెక్కలు ప్రభుత్వానికి పంపారు. ఇంకోవైపు, పోబోయే చోటును ఒక్కసారైనా చూడాలని జనం గుంపులుగా వచ్చారు, పిల్లల్ని ఎత్తుకుని.

నినాదాలు లేవు, ఊరేగింపులు లేవు. ఆ దేశంలో వాటికి చోటు తక్కువ. బురదలో మోకాళ్ళ దాకా దిగి రాసుకున్న లెక్కల కాగితాలే వాళ్ళ అర్జీ. 2001 డిసెంబరులో, పని మొదలు కావలసిన సమయానికే, ప్రభుత్వం పూడ్చడాన్ని వాయిదా వేస్తున్నట్టు ప్రకటించింది. 2002 జనవరిలో మరింత వివరంగా చెప్పింది: ఉబిన్ అభివృద్ధికి అవసరం కానంత కాలం చెక్ జావా జోలికి వెళ్ళం. రద్దు అనలేదు, వాయిదా అన్నారు. ఆ తేడా అక్కడివాళ్ళు మరిచిపోరు. మరిచిపోకపోవడం వల్లే అది ఇరవై ఏళ్ళకు పైగా నిలిచిందని నేను నమ్ముతున్నాను. నడక వంతెన 2007లో తెరిచారు.

అదే 2007 మొదట్లో ఇంకో దెబ్బ తగిలింది. అవతల జొహోర్‌లో భారీ వానలు కురిసి వరదలొచ్చాయి. జొహోర్ నది మంచినీళ్ళన్నీ ఈ జలసంధిలోకి దిగాయి. ఉప్పు నీటికి అలవాటుపడ్డ నక్షత్ర చేపలు, సముద్ర దోసకాయలు, స్పాంజిలు గుట్టలుగా చచ్చిపోయాయి. ప్రభుత్వం పూడ్చకుండా వదిలిన తీరాన్ని పొరుగు దేశపు నది కొట్టింది. ఏళ్ళు పట్టింది మెల్లగా కోలుకోవడానికి. ప్రాణం ఉన్న చోటును ఒకసారి కాపాడి ఊరుకుంటే సరిపోదు. ఆ వంతెన మీద ఇప్పటికీ ఆటు వేళల్లో ఎవరో ఒకరు నోటుపుస్తకం పట్టుకుని కనిపిస్తున్నారంటే కారణం అదే.

వంతెన దగ్గర్లో ఒక ఇంగ్లీషు పద్ధతి ఇల్లుంది, ఒకటో నంబరు ఇల్లు అంటారు. 1930లలో సర్వే శాఖ పెద్ద ఒకాయన సెలవులకు వచ్చి ఉండటానికి కట్టించుకున్నాడు. ఇంత ఉక్కలో లోపల చలిమంట పొయ్యి కూడా ఉంది. ఇప్పుడు అది వచ్చినవాళ్ళకు వివరాలు చెప్పే కేంద్రం. ఇంకా ఎన్నో ఉన్నాయి గాని అన్నీ చెప్పను.

మనుషుల సంగతి మాత్రం చెప్పాలి. అడవి తిరిగొచ్చిందని సంతోషించేటప్పుడు, మనుషులు వెళ్ళిపోతేనే అది వచ్చిందన్న నిజాన్ని దాచకూడదు. నేల ప్రభుత్వం తీసుకుంది. ఉన్నవాళ్ళలో చాలామంది లైసెన్సు రుసుము కట్టి ఉంటున్నారు. 2013లో కొన్ని ఇళ్ళవాళ్ళకు అధికారుల నుంచి ఉత్తరాలు వెళితే, ఊరు ఖాళీ చేయిస్తున్నారని నగరమంతా కలవరపడింది. వెళ్ళగొట్టడం లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాతి సంవత్సరం, 2014లో, ఈ దీవిని ఎలా ఉంచాలో జనాన్నే అడుగుతూ ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. చెక్క ఇళ్ళు బాగుచేయించారు; పాత ఇల్లొకటి అప్పటి సామాన్లతో అలాగే చూపిస్తున్నారు. మంచిదే. కానీ చూపించే ఇల్లూ, కాపురం ఉన్న ఇల్లూ ఒకటి కావు. పొద్దున మాకు సైకిళ్ళిచ్చిన పెద్దావిడ, బొండాలు కొట్టిన ముసలాయన — వీళ్ళ తర్వాత ఆ పని చేసే పిల్లలు దీవిలో పెరగడం లేదు. పక్షికి చెక్క గూడు కట్టిన శ్రద్ధే ఈ మనుషుల పట్లా చూపించాలి. కొత్త కాపురాలు కొన్నిటినైనా రానివ్వాలి. పెద్దవాళ్ళ పిల్లలు, మనవలు తిరిగొస్తామంటే వాళ్ళకు దారి ఇవ్వాలి. అక్కడివాళ్ళు కొందరు ఈ మాట గట్టిగానే అంటున్నారు, నేను వాళ్ళ వైపే.

సింగపూర్‌లో మీ పిల్లలో, చుట్టాలో ఉంటే, మీరు వెళ్ళినప్పుడు ఒక పగలు దీనికి కేటాయించండి. శని, ఆదివారాలు కాకుండా పని దినాల్లో అయితే రోడ్లు ఖాళీగా ఉంటాయి. తొక్కడం రాకపోయినా పరవాలేదు, రేవు దగ్గర వ్యాన్లు దొరుకుతాయి. వెళ్ళే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. పోటు మీద ఉన్నప్పుడు చెక్ జావాకు వెళితే నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. మంచినీళ్ళు రేవు దగ్గరే కొనుక్కోండి, దారిలో కొళాయిలు ఉండవు. దోమలకు పూసుకునే మందు మరిచిపోవద్దు. తినే వస్తువులు సైకిల్ బుట్టలో పెట్టవద్దు, ప్లాస్టిక్ సంచి కనిపిస్తే కోతులు వదలవు. ముందు చక్రం బ్రేకు, వెనక చక్రం బ్రేకు రెండూ పట్టుకుని చూసిన తర్వాతే సైకిల్ తీసుకోండి.